డబ్బాకు పోసిన ఒడిబియ్యం

రా బిడ్డా, ఆ చాట పక్కన పెట్టి ఇటు జరిగి కూర్చో. కొంగుతో మొహం తుడుచుకో, పసుపు దుమ్ము కళ్లల్లో పడితే మంట పుడుతుంది. కాళ్లు చాపుకో, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. నీకో ముచ్చట చెబుతాను. అంతా నాకు అర్థమైందని మాత్రం అనను. అర్థమైనంత చెబుతాను. మిగిలింది నీకు తెలిస్తే నువ్వే నాకు చెప్పు.

నా పేరు రాజవ్వ. నందిపేట్ దగ్గరి పల్లె నుంచి కోడలిగా ఆర్మూర్ వచ్చాను. వచ్చిన కొన్నాళ్లకే పసుపు ఏరే షెడ్డులో చాట పట్టాను, మొన్న మోకాళ్లు మొరాయించేదాకా విడవలేదు. చివరి ఏళ్లలో ఏరే ఆడవాళ్లకు మేస్త్రిగా ఉన్నాను. నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాలు కూడబలుక్కుని ఇది రాస్తున్నాను, తప్పులుంటే మనవరాలు దిద్దుతుంది. ఇప్పుడు షెడ్డులోకి కొత్త అమ్మాయిలు వస్తున్నారు కదా, వాళ్ల కోసమే ఇది.

పని సంగతి

పని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కొమ్ము ఒక పక్కకు, గుండ్రటి మండ ఒక పక్కకు, విరిగి పొడైన చూర ఒక పక్కకు. రాయి, మట్టిపెళ్ల, పురుగు తొలిచిన ముక్క బయటికి. చేతులు చూసుకుంటాయి, నోరు ముచ్చట్లు చెప్పుకుంటుంది. అంతే.

కాకపోతే ఒకటి. పసుపు తొమ్మిది నెలల పంట. వానలకు ముందు విత్తనం పెడితే సంక్రాంతి దాటాక తవ్వుతారు. తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి నున్నగా చేస్తేనే మన చాటలోకి వస్తుంది. మా షెడ్డులో అందరికంటే పెద్దది లచ్చవ్వ. కొమ్మును చేతిలోకి తీసుకుని ఎప్పుడూ ఒకే మాట అనేది.

"తొమ్మిది నెలలు మోసి కన్నదే గిది. మన ఆడపిల్లే. జర మంచిగ పట్టుకోండ్రి."

మేం నవ్వేవాళ్లం. లచ్చవ్వకు నలుగురూ ఆడపిల్లలే. అందరినీ అత్తగారిళ్లకు పంపింది. పంపిన ప్రతిసారీ ఒడిబియ్యం పోసింది. ఆ చేతికి అది అలవాటైపోయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకో, ముందుముందు పనికొస్తుంది.

పెద్దసేటు ఫోను

మా షెడ్డు యజమాని పెద్దసేటు. మంచి మనిషే. పండక్కి చీర పెట్టేవాడు, ఎవరింట్లో జ్వరమొచ్చినా దవాఖానకు తన జీపు పంపేవాడు. కానీ ఫోను పట్టుకుంటే మాత్రం ఆయన నోట నిజం రాదు. అది ఆయన ఒక్కడి తప్పని నేననను, అప్పటి బేరాలే అట్లా ఉండేవి. గల్లా పక్కన నల్లటి ఫోను ఉండేది. బొంబాయి నుంచో ఇంకెక్కడి నుంచో వ్యాపారి అడుగుతాడు, సరుకు ఎక్కడిదాకా వచ్చిందని.

"బయల్దేరింది, బయల్దేరింది. పొద్దుగాలనే లారీ పోయింది. ఇయ్యాలో రేపో నీ దగ్గరుంటది" అని సేటు గట్టిగా చెప్పేవాడు.

మేం ఆయన ఎదురుగానే కూర్చుని ఆ సరుకునే ఏరుతూ ఉండేవాళ్లం. బస్తాలు ఇంకా కుట్టనేలేదు. లచ్చవ్వ నా డొక్కలో పొడిచి, "ఓ రాజవ్వా, మనం లారీల కూసున్నమట, ఎరుకేనా? గట్టిగ పట్టుకో, గుంతలొస్తయి" అనేది. నవ్వు ఆపుకోలేక చాటలు మొహాలకు అడ్డం పెట్టుకునేవాళ్లం.

అప్పుడు రోడ్డూ అట్లాగే ఉండేది. లారీ ఎప్పుడు చేరుతుందో లారీకే తెలియదు. కాబట్టి ఆ అబద్ధం ఎవరికీ దొరికేది కాదు. మన ఊరి పక్క నుంచి పెద్ద రోడ్డు పడ్డాక, జేబుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాక ఆ కాలం పోయింది. సేటుకు మాత్రం అది పోయిందని తెలియలేదు. ఫోటో పంపు, లారీ ఎక్కడుందో చూపించు అని వ్యాపారులు అడగడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరే మా దగ్గర కొనడం మానేశారు. "గీళ్లకేమైందే? నామీద నమ్మకం లేదా?" అని సేటు పరేషాన్ అయ్యేవాడు. ఆ పరేషాన్ నిజమైందే. పాపం, ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

డబ్బా వచ్చిన రోజు

సేటు కూతురు శ్రావణి చదువు ముగించుకుని వచ్చి షెడ్డు పని అందుకుంది. చిన్నప్పుడు మా చాటల మధ్య పాకిన పిల్లే. వస్తూనే అంది: "రాజవ్వా, మన పసుపును సముద్రం ఒడ్డున వేరేటోళ్లు కొని, వాళ్ల పేరు మీద బయటి దేశం పంపుతున్నరు. మనమే ఎందుకు పంపద్దు?"

ఎందుకు పంపకూడదో నాకూ తెలియలేదు. ఎందుకు పంపాలో కూడా తెలియలేదు. "సరే బిడ్డా" అన్నాను.

ఎంతో తిరిగి, ఎవరెవరితోనో మాట్లాడి, చివరికి బయటి దేశంలో ఒక కొనుగోలుదారుణ్ణి పట్టుకుంది. ఒక్క కంటైనర్ పసుపు తీసుకుంటానన్నాడు. బాగుంటే ఏటా తీసుకుంటాడు. చెప్పిన ఓడకు అందకపోతే మాత్రం మళ్లీ అడగడు, ఓడరేవు దగ్గర ఎప్పుడూ కొనే వాళ్ల దగ్గరికే పోతాడు. పెద్దసేటు మాకందరికీ వినపడేలా బిడ్డతో అన్నాడు.

"గిది గిట్ల ఫెయిలయిందనుకో, ఏరుడు బంద్. తెచ్చింది తెచ్చినట్టే మార్కెట్ యార్డుల అమ్ముకుందాం. గీ ఆడోళ్లందరికి వేరే పని చూసుకోమని చెప్పు."

ఆ మాట విన్నాక షెడ్డులో ఎవరికీ అన్నం సహించలేదు. కొందరు బీడీలు చుట్టే పని మానేసి ఇక్కడికొచ్చినవాళ్లు. మళ్లీ తునికాకు, తంబాకు ముందు కూర్చోవాలా అని భయపడ్డారు.

కంటైనర్ వచ్చింది. ఒక ఇల్లంత ఇనుప డబ్బా. లారీ మీద కూర్చుని వచ్చింది. మేం దాన్ని డబ్బా అనే అన్నాం, ఇప్పటికీ అదే పేరు. దాన్ని తెచ్చిన డ్రైవర్ మల్లేశ్ సిరికొండ వాడు. మీసాలు చెవులదాకా ఉంటాయి, మాట మాత్రం మెత్తన.

"గీ డబ్బానే ఓడెక్కుతదా?" అని అడిగాను.

"గిదే ఎక్కుతది అవ్వా."

"మరి సరుకు దించి, ఓడల పొయ్యరా?"

"ఎందుకు దించుతరు? డబ్బాకు డబ్బానే ఎత్తి పెడతరు. అక్కడ దిగినంక మళ్ల వేరే లారీ మీద పెడతరు. తలుపు తెరిచేది కొన్నోడే."

నాకు నమ్మబుద్ధి కాలేదు. మా షెడ్డు ముందు మూసిన తలుపును ఏదో దేశంలో ఎవరో తెరుస్తాడా? మధ్యలో ఎవరూ చెయ్యి పెట్టరా? సముద్రం అంత పెద్దది కదా, దాని మీద కూడా ఒక తలుపు అట్లాగే మూసి ఉంటుందా? ఎన్నిసార్లు అడిగినా మల్లేశ్ అదే చెప్పాడు.

హమాలీలు బస్తాలన్నీ ఎక్కించారు. తలుపు మూసేముందు కొబ్బరికాయ కొట్టాం, డబ్బాకు బయట బొట్టు పెట్టాం. లచ్చవ్వ కొంగులో ఏదో మూట పట్టుకుని, "ఆగుండ్రి, నేనోసారి చూసొస్త" అని లోపలికి వంగింది. చేతులు దులుపుకుంటూ బయటికొచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి. పసుపు దుమ్ము పడిందనుకున్నాం. శ్రావణి తలుపు మూయించి సీలు వేయించింది. డబ్బా పెర్కిట్ వైపు మలుపు తిరిగి పెద్ద రోడ్డెక్కి కనపడకుండా పోయింది. మేం ఇంకా అక్కడే నిలబడి ఉన్నాం.

సముద్రం లేని ఓడరేవు

డబ్బా పోయాక ఫోను వచ్చింది. ఓడరేవు దగ్గర మన కాగితాల పని చూసే ఏజెంటు సూర్యం గారు. తనిఖీ కోసం డబ్బా తెరిచారట. పసుపు బస్తాల కింద బియ్యం గింజలు కనపడ్డాయట. ఆపేశారట. సరుకు ఏరినవాళ్లెవరైనా వస్తే మంచిదన్నారు.

"బియ్యమా?" అని శ్రావణి నా మొహం చూసింది.

"బియ్యమా?" అని నేను ఆమె మొహం చూశాను.

మా షెడ్డులో బియ్యం ఉండవు. మధ్యాహ్నం తినే సద్దిలో అన్నం ఉంటుంది కానీ బియ్యం ఉండవు. ఇద్దరం ఆ రాత్రికి రాత్రే కారులో బయల్దేరాం. దారి పొడుగునా ఆ ఒక్క ప్రశ్నే. రోడ్డు మాత్రం నున్నగా, పొడుగ్గా, ఎక్కడా ఆగకుండా సాగింది. నా చిన్నప్పుడు నిజామాబాద్ పోయి రావడానికే ఒళ్లంతా పులిసిపోయేది. ఇంత దూరం కూర్చున్నా ఏమీ కాలేదే అని అదొక ఆశ్చర్యం.

సముద్రం చూస్తానని నాకు లోపల ఆశ ఉండేది. ఎక్కడా కనపడలేదు. గోడలు, కంచెలు, గేట్లు. లోపల డబ్బాల మీద డబ్బాలు, ఊరంత డబ్బాలు. కొంగల్లా మెడలు చాచిన క్రేన్లు. గాలి మాత్రం ఉప్పగా ఉంది.

"సముద్రమేది బిడ్డా?"

"వాటెనకాల ఉంటది రాజవ్వా."

గేటు దగ్గర సూర్యం గారు ఎదురొచ్చారు. నాలాంటిదానితో కూడా మాట మాటకూ 'అండి' అన్నారు. "రండి రండి. ప్రయాణం బాగా జరిగిందాండి? ముందు కాఫీ తాగండి" అన్నారు. కాఫీ తాగుతుంటే అసలు సంగతి చెప్పారు.

"చూడండమ్మా, సాయంత్రానికి గేటు మూసేస్తారు. ఆలోగా మీ కంటైనర్ లోపలికెళ్తేనే ఈ ఓడెక్కుతుంది. ఆ బియ్యం ఎక్కడివో తెలియట్లేదు. ఇంతకుముందు ఆ డబ్బాలో బియ్యం వెళ్లి సరిగ్గా ఊడవలేదా? లేక మీ బస్తాల్లోనే కలిశాయా? ఈ రెండిట్లో ఏదైనా సరే బస్తాలన్నీ దింపి, విప్పి చూడాల్సిందే. అదైతే సాయంత్రానికి తెమలదండి."

తనిఖీ చేసే ఆమె చిన్న కవరులో ఆ గింజలు చూపించింది. పసుపు పచ్చగా ఉన్నాయి. పసుపులో పడితే ఏదైనా పచ్చగానే ఉంటుంది కదా అనుకున్నాను. నాకేమీ తట్టలేదు.

శ్రావణి పక్కకు పోయి తండ్రికి ఫోను చేసింది. ఆయన గొంతు నాకూ వినపడుతోంది. "డబ్బా ఖరాబుదే వచ్చిందని చెప్పు. డబ్బా కంపెనీ మీదికి తొయ్యి. మనకేం సంబంధం లేదను. గంతే!"

ఫోను పెట్టేసి ఆ పిల్ల నా దగ్గర కూర్చుంది. "రాజవ్వా, ఏం చెయ్యాలె? డబ్బా మనం ఊడ్చి చూసుకున్నం గదా. కొత్తదాని లెక్క ఉండె. నాయిన చెప్పినట్టు చెప్పాల్నా?"

"చెప్తే ఏమైతది?"

"బస్తాలన్ని దించుతరు. ఓడ పోతది. తప్పు మనది కాదని ఉంటది, గంతే."

"చెప్పకపోతే?"

"చెప్పకపోయినా దించుతరు."

ఇద్దరం ఆ కవరులోని గింజల వైపే చూస్తూ కూర్చున్నాం.

రేకుల కింద ఫోను

అప్పుడు నా ఫోను మోగింది. లచ్చవ్వ.

"రాజవ్వా! చేరిన్రా? డబ్బా మంచిగున్నదా? వాన గిట్ల పడ్డదా దాని మీద?"

"ఉన్నదే. నువ్వు తర్వాత చెయ్యి, ఇక్కడ పెద్ద లొల్లయింది."

"ఏం లొల్లి? అత్తోళ్లేమన్న అన్నరా?"

"అత్తోళ్లెవరే?"

"గదే, కొన్నోళ్లు. కుడుకలు తీస్కున్నరా లేదా? కొత్త కుడుకలే పెట్టిన, వాసన గూడ—"

ఫోను తెగిపోయింది.

నేను శ్రావణి వైపు చూశాను. శ్రావణి నా వైపు చూసింది. కుడుక అంటే ఎండుకొబ్బరి చిప్ప. మా వైపు కుడుక ఎక్కడ ఉంటుందో తెలుసు కదా. ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకవక్క, ఖర్జూరం కలిపి ఒడిలో పోస్తారు. ఒట్టి ఒడితో బిడ్డను పంపరు.

"రాజవ్వా," అంది శ్రావణి నెమ్మదిగా, "లచ్చవ్వ డబ్బాకు ఒడిబియ్యం పోసిందా?"

మళ్లీ ఫోను చేశాం. కలవదు. మా షెడ్డు పైన రేకులు. రేకుల కింద సిగ్నల్ ఆడదు. ఇక్కడ గేటు కాపలావాడి చేతిలో యంత్రం ఉంది, క్రేను ఎక్కినవాడి చెవిలో మాట ఉంది, ఏ డబ్బా ఏ మూలనుందో ఒక గదిలో తెర మీద కనపడుతోంది. మా ఆర్మూర్‌లో ఒక ముసలమ్మ రేకుల కింద కూర్చుని ఉంది, ఆమెకు ఒక్క మాట అందించడం మా వల్ల కాలేదు. మా బతుకంతా ఆ మాట మీదే ఉంది.

ఎట్లాగో హమాలీ ఒకతను రోడ్డు మీద టీ తాగుతూ దొరికాడు. అతను పరుగెత్తి లచ్చవ్వను బయటికి తెచ్చాడు. ఈసారి మొహం కనపడేలా ఫోను చేశాం. వెనకాల షెడ్డు ఆడవాళ్లందరూ ఉన్నారు. ఇటు పక్క సూర్యం గారు, తనిఖీ ఆమె.

"లచ్చవ్వా, డబ్బాల బియ్యం పోసినవా?" అని శ్రావణి అడిగింది.

"పోసిన. ఎందుకు, తక్కువైనయా?"

వెనక ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు.

"అయ్యో అవ్వా, ఎందుకు పోసినవ్?"

"ఎందుకు పోసినవంటవేందే? తొమ్మిది నెలల పంట. ఎప్పుడు చూడని దేశం పోవట్టె. ఒట్టి ఒడితోని పంపుతరా? నిన్ను పంపుతడా మీ నాయిన గట్ల?"

తనిఖీ ఆమె ముందుకొచ్చి నెమ్మదిగా అడిగింది. "అమ్మా, బియ్యం ఎక్కడ పోశారు? బస్తాల్లోనా?"

"బస్తాలు కుట్టినంక బస్తాల్ల ఎట్ల పోస్తనమ్మా? తలుపు కాడ, కుడి దిక్కున, కింద. దోసెడు. కుడుకలు బస్తాకూ గోడకూ నడుమ సందుల పెట్టిన, దొర్లద్దని. కావాల్నంటే చూసుకోండ్రి."

కుడుకలు అక్కడుంటే ఆమె మాట నిజం. నిజమైతే తలుపు దగ్గర పోసిన దోసెడు బియ్యమే ఇది, బస్తాల తప్పు కాదు, డబ్బా తప్పూ కాదు. మమ్మల్నీ కంచెదాకా రానిచ్చారు. పనివాళ్లు కుడివైపు ముందు వరస బస్తాలు దించారు. ఒకతను సందులో చెయ్యి పెట్టి తడిమాడు. బయటికి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. కుడుకలు. వాటిని అంటుకుని ఒక ఖర్జూరం. పోకవక్కలు. లచ్చవ్వ పాత చీర ముక్క.

ఎందుకో నాకు ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది. ఆ రెండిటిలో ఏది ముందొచ్చిందో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను.

ఏమీ పండని చోటు

తర్వాత జరిగిందంతా నాకు కలలా ఉంది. కుడుకలు దొరికాయని ఊరికే వదిలేశారనుకోకు. ముందు వరస బస్తాలు విప్పి చూశారు, వెనక నుంచి కొన్ని లాగి చూశారు, నమూనా తీశారు. ఆ నమూనా చూసేవాళ్లు అదే ఆవరణలో ఉన్నారు. మన దగ్గరైతే ఆ నమూనా హైదరాబాద్ పోయి రావాలి. డబ్బా ఊడ్చారు, తుడిచారు. కాగితం ఫోనులో వచ్చింది, ఫోనులోనే పోయింది. కొత్త సీలు పడింది. పొద్దు వాలకముందే మా డబ్బా గేటు దాటి లోపలికి వెళ్లింది.

శ్రావణి కొనేవాడికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. నాకు ఆ భాష రాదు. ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. అతను అంతా విని, ఇకముందు డబ్బాలో పసుపు తప్ప ఏదీ ఉండకూడదని రాసివ్వమన్నాడట. అంతేనట. వచ్చే ఏడు మాట ఈ సరుకు చూశాక చెబుతానన్నాడట.

సూర్యం గారిని నేనొకటి అడిగాను. "అయ్యా, ఈడ ఏం పండుతది?"

"ఇక్కడేం పండుతుందమ్మా, ఉప్పునేల."

"మరి పసుపు మాది గదా. కొనేటోళ్లు మా ఊరికి రాక ఈడికెందుకొస్తరు?"

"ఏమోనండి. ఇక్కడికొస్తే వాళ్ల వస్తువు ఎక్కడుందో వాళ్లకు తెలుస్తుంది. అడిగితే ఎవరో ఒకరు జవాబు చెబుతారు. అంతే అనుకుంటా" అన్నారు.

ఆ మాట మీద నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. రోడ్డు వేస్తే వస్తారంటారు, తీగలు వేస్తే వస్తారంటారు. రోడ్డు మా ఊరికీ ఉంది. అయితే రోడ్డు చివర ఫోను ఎత్తి ఉన్నమాట చెప్పే మనిషి కూడా ఉండాలేమో. పెద్దసేటు చెప్పినట్టు చెప్పి ఉంటే మా డబ్బా ఇంకా అక్కడే ఉండేది. అయినా ఇదే సరైన జవాబని ఒట్టు పెట్టి చెప్పలేను. నిజం చెప్పినా మునిగినవాళ్లను చూశాను.

లచ్చవ్వ పోసిన బియ్యమే డబ్బాను ఆపింది. ఆమె పెట్టిన కుడుకే డబ్బాను కదిలించింది. ఆమెను తిట్టాలా, మొక్కాలా? తిరిగొచ్చేటప్పుడు కారులో ఇదే వాదన. ఆర్మూర్ వచ్చింది కానీ అది తెగలేదు. సముద్రం మాత్రం నేను చూడనేలేదు.

ఒట్టి ఒడి

సరుకు నచ్చింది. మళ్లీ పంపమన్నాడు. షెడ్డు నిలబడింది. మొదట శ్రావణి రేకుల మధ్య సిగ్నల్ పెట్టె ఒకటి పెట్టించింది. అడిగిన రోజు అడిగినట్టు షెడ్డును ఫోనులో చూపిస్తుంది. "బస్తాలు ఇంకా కుట్టలే" అని బిడ్డ చెబుతుంటే పెద్దసేటు పక్కన కూర్చుని తల పట్టుకుంటాడు. "గట్ల చెప్తే ఎవడన్న కొంటడా?" అంటాడు. కొంటున్నారు. అది ఆయనకు ఇప్పటికీ అర్థం కాదు.

రెండో డబ్బా వచ్చిన రోజు మాత్రం పెద్ద గొడవైంది. లోపల ఒక్క గింజ పడకూడదని శ్రావణి తలుపు దగ్గర నిలబడింది. లచ్చవ్వ కొంగులో మూటతో వచ్చి ఎదురుగా నిలబడింది.

"అవ్వా, వద్దన్న గదా. రాసిచ్చిన నేను."

"రాసిస్తే రాసియ్యి. నేను ఒట్టి ఒడితోని పంప."

"ఓడ ఆగుతదే!"

"ఆగనీ. బిడ్డ ఒట్టి ఒడితోని పోతే నాకు నిద్ర రాదు."

తమాషా ఏమంటే ఆడవాళ్లందరూ లచ్చవ్వ వెనకాల చేరారు. మొన్న పని పోతుందని భయపడ్డవాళ్లే. ఒక్కరూ చాట ముట్టలేదు. హమాలీలు బస్తాలు భుజాన వేసుకుని ఎటు పోవాలో తెలియక నిలబడ్డారు. నేను మేస్త్రిని. ఎవరి పక్కన నిలబడాలో నాకు తెలియలేదు. శ్రావణిదీ న్యాయమే, లచ్చవ్వదీ న్యాయమే. అందరూ నా మొహమే చూస్తున్నారు.

అప్పుడు డ్రైవర్ మల్లేశ్ లారీ దిగి, మెడలో తువ్వాలతో చెమట తుడుచుకుంటూ, "ఏమైందవ్వా, పొద్దు పోతున్నది, జర జల్ది కానియ్యుండ్రి" అన్నాడు.

లచ్చవ్వ అతని వైపు చూసింది. అతని తువ్వాల వైపు చూసింది.

"మల్లేశా, దా గిట్ల. తువ్వాల పట్టు."

"ఎందుకు?"

"పట్టురా!"

"అవ్వా, నేను మొగోన్ని! నాకు ఒడిబియ్యమేంది?"

"నీక్కాదురా మీసాలోడా, నీ యెనకున్న పిల్లకు. దానికి ఒడి లేదు, నీకున్నది. మోసుకపో."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. మల్లేశ్ శ్రావణి వైపు చూశాడు. ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ, "కొనేటోడు డబ్బాల వద్దన్నడు గని డ్రైవర్ ఒడిల వద్దనలే" అంది. మల్లేశ్ రెండు చేతులతో తువ్వాల చాచి, తల వంచి నిలబడ్డాడు. ఒక్కొక్కరే వచ్చి దోసిళ్లతో పోశారు. బియ్యం, కుడుకలు, పోకవక్క, ఖర్జూరం. లచ్చవ్వ చివర్న పోసి, ముడి తనే వేసింది. "పైలంగ పో. చేరంగనే వండుకోని అందరికి పెట్టు. మనోళ్లు పరాయోళ్లు అని చూడకు" అంది.

ఒడిబియ్యం పద్ధతి అదే కదా. అత్తగారింటికి చేరాక వండి, చుట్టుపక్కల వాళ్లను పిలిచి పెట్టాలి. మల్లేశ్ ఓడరేవు బయట లారీలు ఆగే చోట స్టవ్ వెలిగించి వండాడట. పక్క లారీల డ్రైవర్లను పిలిచాడట. ఒకడు పంజాబ్ వాడు, ఒకడు ఒడిశా వాడు. సూర్యం గారు, గేటు కాపలాదారు కూడా తిన్నారట. అన్నం పచ్చగా ఎందుకుందని అడిగితే చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడట కానీ చెప్పాడట.

ఇప్పుడు ప్రతి డబ్బాకూ అంతే. నేను పని మానేసినా డబ్బా వచ్చిన రోజు పోయి నా దోసెడు నేను పోసి వస్తాను. మొన్న షెడ్డులో ఉండగా సూర్యం గారు ఫోను చేశారు. రేకుల కిందనే మాట గంట కొట్టినట్టు వినపడింది.

"బాగున్నారాండి? మీ కంటైనర్ ఎప్పుడు బయల్దేరుతోందండి?" అని అడిగి, కాస్త ఆగి, "ఇక్కడ మావాళ్లు అడగమన్నారండి. మల్లేశే వస్తున్నాడా? ఒడిబియ్యం తెస్తున్నాడా?" అన్నారు.

లచ్చవ్వ ఫోను లాక్కుని, "తెస్తుండు, తెస్తుండు! గిన్నెలు కడిగి పెట్టుకోండ్రి" అంది.

సముద్రం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. మన పసుపు తినే మనిషి మొహం ఎట్లా ఉంటుందో తెలియదు. మన రేకుల షెడ్డు నుంచి ఆ ఉప్పునేల దాకా ఉన్న రోడ్డు మీద మాత్రం ఇప్పుడు నాకు చుట్టాలున్నారు. ఆ చుట్టరికం ఎట్లా కలిసిందో నీకు అర్థమైతే నాకు చెప్పు.

పొద్దుపోయింది, లే బిడ్డా. నీ ఇంట్లో పొయ్యి చల్లారకుండా ఉండాలి. నీ వాళ్లు ఏ రోడ్డున పోయినా క్షేమంగా చేరి, చేరామని ఫోను చెయ్యాలి. నీ గడప దాటి ఎవరు బయటికెళ్లినా నిండు ఒడితోనే వెళ్లాలి, ఎక్కడికి వెళ్లినా వండుకుని నలుగురితో పంచుకుని తినాలి. సల్లగుండు బిడ్డా, నీ ఇల్లు సల్లగుండాలె.